పొగ నెలలు, ఉప్పునీళ్ళు

ఫిబ్రవరి 13

నిన్న పాట మధ్యలో నా బూర ఆగిపోయింది.

నాలుక తడిసింది, అంతే. వాగు అవతల కొత్తింటి వేడుక. పొద్దుటి మంచు ఇంకా విడలేదు. బూరలోని రాగి నాలుకకు తేమ తగిలితే పలకదు. నా భార్య బువాచూమ్ పాటలో మూడో మలుపు ఎత్తుకుంది. నేను బుగ్గల నిండా గాలి పట్టి దాన్ని బూరలోకి వదులుతూ, ఎప్పటిలాగే ముక్కుతో లోపలికి పీల్చబోయాను. గాలి రాలేదు. మొహానికి ముక్కు అనేది లేనట్టే ఉంది. నోరు తెరవక తప్పలేదు.

పక్కన సీమూన్ చిన్న బూర ఊదుతూనే ఉన్నాడు. ఊదుతూనే ఓరకంట నన్ను చూశాడు.

బువా మాత్రం తడబడలేదు. అదే వరసలో అప్పటికప్పుడు కట్టి పాడేసింది: "మా ఆయన ఆగాడంటే ఎవరో అందగత్తె కనపడి ఉంటుంది, ఇంటాయనా, నీ వంటింట్లో ఎవరున్నారో చూసుకో!" జనం పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుల్లో నేను ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకున్నాను. ఎవరికీ తెలియలేదు.

ముప్ఫై నాలుగేళ్ళుగా ఆమె పాడుతోంది, నేను ఊదుతున్నాను. ఇలా కావడం ఇదే మొదటిసారి.

కొత్త నాలుక చేసుకోవాలి.

ఫిబ్రవరి 15

కొత్త నాలుక చేశాను. బాగా పలుకుతోంది. ఎక్కువసేపు సాధన చెయ్యలేదు. పై పన్ను లాగుతోంది.

ఫిబ్రవరి 19

పన్నే. ఎడమవైపు పై దవడలో. కిందికి వంగితే చెంప ఎముక లోపల ఎవరో బొటనవేలితో అదిమినట్టు ఉంటుంది. పళ్ళ డాక్టరమ్మ ఫోటో తీసి, సుత్తిలాంటిదాంతో కొట్టి చూసి, "పన్ను గట్టిగా ఉంది పెదనాన్నా. ముక్కు ఎలా ఉంటోంది? ఒకవైపు పచ్చగా కారుతోందా?" అంది.

పళ్ళ డాక్టరుకు ముక్కుతో ఏం పని? కారడం లేదన్నాను. (అప్పుడు కారడం లేదు. పొద్దున కారింది.)

ఇంటికొచ్చి రెండు చుట్టలు కాల్చాను. చుట్టతో పన్ను నొప్పి తగ్గుతుందని మా నాన్న అనేవాడు.

ఫిబ్రవరి 24

కొండలు అంటుకున్నాయి. ప్రతి ఏడూ ఉన్నదే. పొద్దున లేచి చూస్తే సుతేప్ కొండ ఉన్నచోట బూడిదరంగు గోడ ఉంది. సూర్యుడు నారింజ తొనలా పైకొచ్చాడు.

బజారులో మందుల కొట్టువాడు ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చాడు. ఎంత గొప్ప వస్తువు! రెండు చుక్కలు పడగానే తలుపులు తెరుచుకున్నట్టు రెండు ముక్కుపుటాలూ తెరుచుకుంటాయి. కొట్టువాడు "మూడు రోజులే వాడాలి తాతా" అన్నాడు. మూడు రోజులు దాటితే ఏమవుతుందో చెప్పలేదు. కొన్నవాడు రెండోది కొనకూడదని కోరుకునే వ్యాపారిని ఎక్కడా చూడలేదు. రెండు కొన్నాను.

సాయంత్రం గంటసేపు ఊదాను. బువా వంట చేస్తూ లోపలి నుంచే పల్లవి అందుకుంది. బాగుంది.

మార్చి 2

ఇవాళ స్ప్రే అయిదుసార్లే.

మార్చి 4

పొయ్యి పక్కనే కూర్చుని వెదురు చీలుస్తున్నాను. బువా పొయ్యి మీద తువానావ్ బిళ్ళలు పెట్టి పెరట్లోకి వెళ్ళింది. ఇంతలో కేకలు పెడుతూ పరుగెత్తుకొచ్చింది.

"ఏమయ్యా! బిళ్ళలు బొగ్గులైపోతుంటే మూరెడు దూరంలో కూర్చుని చూస్తున్నావా? వీధి చివరి దాకా కంపు కొడుతోంది!"

"ఏదో ఆలోచనలో ఉన్నాను."

"ఆలోచనా? పులిసిన సోయా గింజల బిళ్ళ మాడిన కంపుకు చచ్చినవాడు లేచి కూర్చుంటాడు. నువ్వేమో ఆలోచిస్తున్నావు."

నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత పెనం తోముకుంటూ కూర్చుంది.

ఆమె బయటికెళ్ళాక వెల్లుల్లి నలిపి వాసన చూశాను. సంపెంగ పువ్వు చూశాను. చుట్ట చూశాను. సబ్బు చూశాను.

బూర ఊదేవాడికి వాసనతో పనేముంది.

మార్చి 8

బువా సాధన చెయ్యడం మానేసింది. వారం నుంచి ఒక్క పదం కట్టలేదు. నేను బూర తీస్తే ఏదో పని గుర్తొచ్చి లేచిపోతుంది. యాభై ఏడేళ్ళకే బద్ధకం వచ్చింది. లంఫూన్ ఊరివాళ్ళ పిలుపు ఏమైందని అడిగితే "ఈ పొగలో ఎవరు వేడుకలు చేస్తారయ్యా" అంది. నిజమే కావచ్చు. నాకూ కాస్త విశ్రాంతి దొరికింది.

ఏప్రిల్ తొమ్మిదిన మన ఊరి గుడిలో కట్టిన కొత్త విహారానికి పోయ్ లువాంగ్, ప్రతిష్ఠ ఉత్సవం. దానికి మాత్రం ఎలాగూ ఉంటాం. ఆ గుడి మెట్ల మీదే ఆమె మొదటిసారి పాడింది. నేను మొదటిసారి ఆమెకు ఊదిందీ అక్కడే.

మార్చి 12

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పొద్దున బజారుకెళ్ళాను. పంది మాంసం అమ్మే కమ్‌నోయ్ పలకరించింది. "ఇన్‌సోమన్నా, వదిన గొంతు ఎలా ఉంది?"

"గొంతుకేమైంది?"

"అదేంటి, వానలు పడేదాకా పాడలేనందిగా? మా చెల్లెలి ఊరివాళ్ళు పిలవడానికొస్తే గొంతు చూపించి, పుండు పడింది, డాక్టరు మాట్లాడొద్దన్నాడు అని చెప్పిందట. లంఫూన్ వాళ్ళకూ అదే చెప్పిందట. పాపం, మెడకు గుడ్డ చుట్టుకుని తిరుగుతుంటే చూడలేకపోయాను. తేనె పంపనా?"

పంపమన్నాను.

ఇంటి మలుపులో బువా ఎదురుగా వస్తోంది. మెడకు నీలం గుడ్డ ఉంది. నేను తడిక పక్కకు తప్పుకున్నాను. ఆమె గేటు దాటి లోపలికి వెళ్ళగానే గుడ్డ విప్పి దండెం మీద వేసింది. "ఒరే పాపిష్టి కోడీ, మళ్ళీ మడిలో దిగావా!" అని అరిచింది. నిక్షేపంలాంటి గొంతు. మూడు ఇళ్ళ అవతలికి వినిపించే గొంతు.

బద్ధకం అని రాశాను కదూ.

నేను ఊదలేనని ఆమెకు తెలుసు. ఊదలేనివాణ్ని నలుగురిలో కూర్చోబెట్టడం ఇష్టం లేక, జబ్బు తన మీద వేసుకుంది.

ఇంట్లోకి వెళ్ళలేదు. అలాగే ఆరోగ్య కేంద్రానికి నడిచాను. అక్కడ నర్సు నువాన్ ఉంటుంది, చిన్నప్పుడు మా బూరల సంచీ మీద కూర్చుని విరగ్గొట్టిన పిల్ల. జేబుల్లో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టాను: స్ప్రే సీసా, ముక్కుతో పీల్చే మెంథాల్ గొట్టం, చుట్టల పెట్టె.

"ఎన్నాళ్ళ నుంచి పెదనాన్నా?"

"వారం."

"పెదనాన్నా."

"నెల."

"స్ప్రే రోజుకు ఎన్నిసార్లు?"

"అయిదు." ఆమె కనుబొమ్మ ఎత్తింది. "తొమ్మిది," అన్నాను.

తల పట్టుకుంది. "ముందు అది ముక్కు తెరుస్తుంది. రోజుల తరబడి వాడితే అదే ముక్కును మూసేస్తుంది. మూసిందని నువ్వు మళ్ళీ కొడతావు. దిబ్బడ సగం జబ్బుది, సగం ఈ సీసాది." సీసాను సొరుగులో వేసి తాళం పెట్టింది. "చెంప ఎముకల వెనక, నుదుటి వెనక ఖాళీ గదులున్నాయి. వాటి నీళ్ళు ముక్కులోకి దిగి పోవాలి. పొగకు, చుట్టకు లోపల వాచి ఆ దారి మూసుకుంటే నీళ్ళు నిలిచి కుళ్ళుతాయి. నీ పన్ను లాగడం అదే. పది రోజులు దాటింది, ఒకవైపే నొప్పి, చీము. ఇది నా చేతిలో లేదు, రేపే జిల్లా ఆసుపత్రికి వెళ్ళు."

"మళ్ళీ ఊదగలనా?"

"ముక్కును చూసుకుంటే ఊదుతావు. చూసుకోకపోతే నన్నడక్కు."

మార్చి 13

ఆసుపత్రి. ముక్కులోకి సన్నటి కెమెరా పెట్టారు. నా ముక్కు లోపల ఇంత స్థలం ఉందని నాకు తెలియదు. ఎడమ గది చీముతో నిండిందట. పది రోజులకు మాత్రలు. పూటకోసారి ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవాలి. స్ప్రే మానాలి. చుట్ట మానాలి. డాక్టరు సరేననేదాకా బూర ముట్టకూడదు.

బువాకు పన్ను చూపించుకోవడానికి వెళ్ళానని చెప్పాను.

మార్చి 14

కడగడానికి గొట్టం, ఉప్పు పొట్లాలు చూసేసరికి పన్ను అబద్ధం నిలవలేదు. బువా ఏమీ అడక్కుండా కెటిల్ పొయ్యి మీద పెట్టింది. నేను తొందరపడి కుళాయి నీళ్ళు పట్టబోతే చేతి మీద కొట్టింది.

"కాచి చల్లార్చిన నీళ్ళే వాడాలని ఈ కాగితం మీద అంత పెద్ద అక్షరాలతో రాసి ఉంటే కనపడలేదా? ముక్కు పోయింది, కళ్ళు కూడా పోయాయా?"

పెరట్లో అరుగు దగ్గర ముందుకు వంగి, తల పక్కకు వాల్చి, నోరు తెరిచి, "ఆ..." అంటూ ఉండమంది. పై పుటంలో మెల్లగా పోసింది. నేను భయపడి ఊపిరి లోపలికి పీల్చాను. ఉప్పునీళ్ళు మెదడుకెక్కినట్టయింది. దగ్గి, తుమ్మి, బురదలోంచి లేచిన దున్నపోతులా విదిలించాను. ఆమె రవిక తడిసింది.

"పీల్చకయ్యా! నోటితో గాలి తీసుకో, ముక్కును వదిలెయ్. ముప్ఫై నాలుగేళ్ళు నోటితో వదులుతూ ముక్కుతో పీల్చావు కదా, ఇప్పుడు తిప్పి చెయ్యి."

రెండోసారి నీళ్ళు ఈ పుటంలోంచి వెళ్ళి ఆ పుటంలోంచి ధారగా బయటికొచ్చాయి. వాటితోపాటు వచ్చినదాన్ని గురించి రాయను. బువా చూసి, "అమ్మో, దీన్ని మోసుకుని నెల రోజులు నా పక్కన పడుకున్నావా" అంది. తర్వాత రెండు చేతులతో నా తల పట్టుకుని, మిగిలిన నీళ్ళు దిగేదాకా అటూ ఇటూ వాల్చింది. గట్టిగా చీదనివ్వలేదు.

మార్చి 15

రెండు వైపులా మూసుకుపోయింది. స్ప్రే మానితే కొన్నాళ్ళు ఇలాగే ఉంటుందని నువాన్ చెప్పింది. ఎన్నాళ్ళో చెప్పలేదు.

రెండో సీసా పారేశాను.

మార్చి 16

పారెయ్యలేదు. బూరల సంచీలో ఉంది. ఒక్కసారే వాడాను.

మార్చి 17

బువా సంచీ ఎండలో పెట్టబోయి సీసా తీసింది. నా ముందు బల్ల మీద నిలబెట్టింది.

"ఇదేంటి?"

"పాతది."

"నిండుగా ఉంది పాతది."

నాకు కోపం వచ్చింది. దొరికిపోయినవాడికి వచ్చే కోపం. "నన్నడుగుతావేం? దండెం మీద ఆ నీలం గుడ్డ ఏంటి? గొంతులో పుండు పడినదానివి కోళ్ళను ఎలా తిడుతున్నావు?"

ఆమె మొహం పాలిపోయింది. కూర్చుంది. నేనూ కూర్చున్నాను. పక్కింటి రేడియో పొగ లెక్కలు చదువుతోంది.

"ఎవరు చెప్పారు?"

"కమ్‌నోయ్. తేనె పంపుతానంది."

"దాని తేనె నీళ్ళే." సీసాను వేళ్ళతో తిప్పుతూ అంది, "వాగు దగ్గర ఆ రోజు జనం నవ్వారు. నేనే నవ్వించాను. నీ మొహం చూశాను. ఇంకోసారి ఆ మొహం చూడదలుచుకోలేదు. నీకు బాలేదని చెబితే నీకు నచ్చదు. నాకు బాలేదని చెబితే ఎవరికి నష్టం?"

"నీకు నష్టం."

"నేను నీ బూర మీద పాడతాను. అది లేకపోతే నాకు పాడాలని ఉండదు."

సీసాను ఆమే నువాన్ సొరుగుకు పంపించింది. నేను చుట్టల పెట్టె కూడా ఇచ్చాను. దాన్ని పంపలేదు, పొయ్యిలో వేసింది. వేసి, "అయ్యో, ఇదీ పొగే కదా!" అని నన్ను బయటికి తరిమింది. ఇద్దరం మాస్కులు పెట్టుకుని పెరట్లో నిలబడి నవ్వుకున్నాం.

మార్చి 20

కడిగాను, రెండు పూటలా. నిద్ర పట్టింది.

మార్చి 23

కంపు! కంపు కొట్టింది!

వరండాలో కూర్చుని ఉండగా పాచిపోయిన సాక్సు లాంటి ఘోరమైన వాసన ముక్కులోకి దూరింది. "ఏమే, ఏంటా దరిద్రపు కంపు?" అని అరిచాను. లోపల గరిటె కిందపడిన చప్పుడయింది. బువా చేతిలో తువానావ్ బిళ్ళతో పరుగెత్తుకొచ్చి దాన్ని నా ముక్కు దగ్గర పెట్టింది.

"మళ్ళీ అను."

"దరిద్రపు కంపు."

"మళ్ళీ అను!"

పెళ్ళయిన నాటి నుంచి ఆ బిళ్ళ అంటే నాకు పడదు. అది కాల్చినప్పుడల్లా పోట్లాడుకున్నాం. ఇవాళ ఆమె కళ్ళు తుడుచుకుంటూ ఇంకో రెండు కాల్చింది. ముద్దన్నంతో, మిరప పచ్చడితో తిన్నాను. కంపుగానే ఉంది.

మార్చి 28

పొగ ఇంకా చిక్కబడింది. కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కాం. నీళ్ళు తాగు, నీళ్ళు తాగు అని బువా గంటకోసారి గ్లాసు పెడుతోంది. రాత్రికి నాలుగుసార్లు లేవాల్సి వస్తోందని చెబితే సాయంత్రం నుంచి తగ్గించింది.

ఏప్రిల్ 3

ఆసుపత్రి. కెమెరాలో గది ఖాళీగా కనపడింది. శుభ్రమైన గులాబీరంగు. డాక్టరు సంతోషించాడు. నేను తొమ్మిదో తారీఖు సంగతి చెప్పాను.

"ఇంకో రెండు వారాలు వద్దు. బుగ్గలు బిగబట్టి అంత ఒత్తిడి పెడితే వాపు తిరగబెట్టొచ్చు. ఇంత కష్టపడి బాగుచేసుకున్నారు."

బయట మోటారుసైకిల్ దగ్గర బువా నిలబడి ఉంది. చెప్పాను. హెల్మెట్ పెట్టుకుంటూ, "అయితే గుడివాళ్ళకు నా గొంతు ఇంకా తగ్గలేదని చెబుతా" అంది, అదేదో ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా.

ఇంటికొచ్చి బూరల సంచీ గోడకు తగిలించాను.

ఏప్రిల్ 4

పొద్దున్నే సీమూన్ ఇంటికెళ్ళాను. పెరట్లో మామిడాకులు కుప్ప చేసి అగ్గిపుల్ల గీస్తున్నాడు. ఇరవై ఏళ్ళ నుంచి ఇతను నాకు చిన్న బూర ఊదుతున్నాడు. ఇరవై ఏళ్ళ నుంచి ఇతను ఊపిరి తీసుకుంటే గుర్రం సకిలించినట్టుంటుందని నలుగురిలో ఎగతాళి చేస్తున్నాను.

"ఆ కుప్ప కాల్చకు. నా ముక్కు భరించలేదు," అన్నాను.

పుల్ల ఆర్పేశాడు. "అది అడగడానికొచ్చావా?"

"పెద్ద బూర నువ్వు ఊదాలి. తొమ్మిదిన. బువాకు."

చీపురు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "నా ఊపిరి గుర్రం సకిలింపు కదా అన్నా."

"గుర్రమైనా మధ్యలో ఆగదు. నేను ఆగాను."

నోట్లోంచి ఆ మాట వచ్చాక తేలికగా అనిపించింది. బూర నాలుక తడవలేదు ఆ రోజు.

సీమూన్ చీపురు గోడకు ఆనించాడు. "ఆకులు గుంట తీసి పూడుస్తాలే," అన్నాడు. "చిన్న బూరకు మా తమ్ముణ్ని పిలుస్తాను. నువ్వొచ్చి నేర్పు. తిట్టకుండా నేర్పు."

బువా ఒప్పుకోలేదు. మధ్యాహ్నం దాకా పళ్ళేలు మోగించింది. "నీ చోట ఇంకొకడు కూర్చుంటే నాకు పదం రాదు."

"వస్తుంది. రాకపోతే నన్ను తిడుతూ కట్టు. నన్ను తిట్టడానికి నీకెప్పుడూ పదాలు తక్కువ కాలేదు."

"నువ్వేం చేస్తావు అప్పుడు?"

"మాస్కు పెట్టుకుని ముందు వరసలో కూర్చుంటాను."

ఏప్రిల్ 10

నిన్న ఉత్సవం.

రెండు రోజుల కిందట వాన పడి పొగ అణిగింది. సుతేప్ కొండ అంచు కనపడింది. గుడి ఆవరణలో మంచె కట్టారు. సీమూన్ నా చోట కూర్చున్నాడు, చెవులు ఎర్రగా, బూరను పాము పిల్లలా పట్టుకుని. నేను ముందు వరసలో చాప మీద, ముసలమ్మల మధ్య కూర్చున్నాను.

సీమూన్ ఎత్తుకున్నాడు. సకిలించాడు. ఆగలేదు.

బువా నోరు తెరిచింది.

ఇది ఎలా రాయాలి? బూర నోట్లో పెట్టుకున్నవాడికి దాని మోత పళ్ళలో, పుర్రెలో, చెవుల లోపల ఉంటుంది. పాట దానికి అవతల ఎక్కడో, తడిక వెనక మనిషి మాటలా వినపడుతుంది. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఎక్కడ మలుపు తిప్పుతుందో నాకు ఆమె వీపు చూస్తే తెలుసు. ఇన్నేళ్ళూ ఆమె పక్కనే, కాస్త వెనగ్గా కూర్చున్నాను. పాడేటప్పుడు ఆమె మొహం ఎలా ఉంటుందో చూడలేదు.

పై స్వరానికి వెళ్ళేముందు ఆమె కనుబొమ్మలు కొద్దిగా పైకి లేస్తాయి, చిన్నపిల్ల గోడ దూకబోయేముందు చూసినట్టు. గొంతులో సన్నటి జీర ఉంది. అది ఎప్పుడు వచ్చిందో? పదేళ్ళ కిందటా? మొదటి నుంచీ ఉందా? ఎవరినడగాలి?

నన్ను చూసింది. పదం కట్టింది: "ముందు వరసలో ముసుగేసుకున్నాయన ఎవరమ్మా, రోజుకు రెండుసార్లు ఏనుగులా తొండంతో నీళ్ళు చిమ్ముతాడట, పెరట్లో నా బెండమొక్కలన్నీ ఉప్పుకు చచ్చాయట!" ఆవరణంతా నా వైపు తిరిగి నవ్వింది. పక్కనున్న ముసలమ్మ నా తొడ మీద చరిచింది. నేనూ నవ్వాను. నవ్వుతుంటే మాస్కు తడిసింది, ముక్కువల్ల కాదు.

తిరిగొస్తూ అడిగింది. "ఎలా ఉంది?"

"సీమూన్ రెండో మలుపులో కాస్త కిందికి జారాడు."

"నేనడిగింది సీమూన్ గురించా?"

చెయ్యి పట్టుకున్నాను. ఇంటి దాకా వదల్లేదు. వీధిలో జనం ఉన్నారు, ఉండనీ.

ఏప్రిల్ 18

డాక్టరు సరేనన్నాడు. మొదట రోజుకు పావుగంట. కడగడం మానొద్దన్నాడు, పొగ నెలల్లో మరీ. మానను.

సాయంత్రం వరండాలో బూర తీశాను. తుడిచాను. ముక్కుతో నిండుగా గాలి పీల్చి చూసుకున్నాను, ఏ అడ్డూ లేకుండా అడుగుదాకా వెళ్ళింది. బువా చెయ్యి కడుక్కొచ్చి పక్కన కూర్చుంది, నేను ఎత్తుకుంటానని ఎదురుచూస్తూ.

"ముందు నువ్వు పాడు," అన్నాను.

"బూర లేకుండానా? ఏం, మళ్ళీ దిబ్బడ వేసిందా?"

"లేదు."

"మరి?"

బూర ఒళ్ళో పెట్టుకుని ఆమెకు ఎదురుగా జరిగి కూర్చున్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. తర్వాత సిగ్గుపడింది, ఈ వయసులో. తర్వాత కనుబొమ్మలు కొద్దిగా పైకి లేపింది.